డెంటల్ చెయిర్ కొనాలా, డిప్లొమా ఫీజు కట్టాలా?

ప్రశ్న: పర్లాకిమిడిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి విశాఖపట్నంలో బీడీఎస్ చదివి ఇప్పుడు హౌస్ సర్జన్సీలో ఉంది. ఊళ్లో క్లినిక్ పెట్టిద్దామని చెయిర్‌కీ ఎక్స్‌రే మెషీన్‌కీ డబ్బు కూడబెట్టాను. తీరా ఇప్పుడు "జీవితాంతం పళ్లు పీకుతూ కూర్చోలేను నాన్నా, క్లినికల్ రీసెర్చ్‌లోకి వెళ్తాను" అంటోంది. హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి డిప్లొమా చేస్తే నూరు శాతం ప్లేస్‌మెంట్ అని రోజూ ఫోన్ చేస్తోంది. ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) లేకుండా ఇది నిలబడే పనేనా? సంబంధాలవాళ్లు అడిగితే ఏమని చెప్పాలి? కటక్‌లో బీడీఎస్ రెండో ఏడాది చదువుతున్న మా తమ్ముడి కొడుకు కూడా ఇదే పాట అందుకున్నాడు.
– ఒక తండ్రి, గజపతి జిల్లా

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందు ఆ ఫోన్ సంగతి తేల్చేద్దాం. డిప్లొమాకు డబ్బు కట్టకండి. క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త మందో పరికరమో మనుషుల మీద పద్ధతిగా పరీక్షించే చోట, పని చెయ్యాలంటే ఫలానా డిప్లొమా ఉండి తీరాలని మన దేశంలో ఏ రూలూ లేదు. ఈసారి వాళ్లు ఫోన్ చేస్తే ఒకటే అడగండి: పోయిన బ్యాచ్‌లో బీడీఎస్ వాళ్లు ఎంతమంది, ఏ ఆసుపత్రిలో ఏ పోస్టులో చేరారు, వాళ్లలో ఇద్దరి చేత నాతో మాట్లాడించగలరా అని. ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.

అమ్మాయికి కావలసిన మొదటి పాఠాలు దాదాపు ఉచితంగానే దొరుకుతాయి. చెన్నైలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడమియాలజీ, ఆరోగ్య పరిశోధన మూల సూత్రాల మీద ఆన్‌లైన్ కోర్సు నడుపుతోంది. ట్రయల్స్ లోకమంతా పాటించే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ నియమాల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా ఇచ్చే కోర్సుకు కూడా రుసుము లేదు. హౌస్ సర్జన్సీలో ఉండగానే రాత్రిపూట కూర్చుని రెండూ పూర్తి చెయ్యొచ్చు.

అలాగని చెయిర్ కూడా ఇప్పుడే కొనకండి. డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి. అంతకన్నా ముందు అమ్మాయిని నిదానంగా ఒక మాట అడగాలి. చెయిర్ పక్కన నిలబడటం ఇష్టం లేకనా, నిజంగా ఆ పని మీద మనసుపడా? ఎందుకంటే క్లినికల్ రీసెర్చ్‌లో రెండు దారులున్నాయి. ఒకటి ఆసుపత్రిలో రోగుల మధ్య చేసే ట్రయల్ కోఆర్డినేటర్ పని. రెండోది హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు చేసే పని: మందుల దుష్ఫలితాల రిపోర్టులు చూసే ఫార్మకోవిజిలెన్స్, డేటా మేనేజ్‌మెంట్, మెడికల్ రైటింగ్. ఈ రెండో దారిలో బీడీఎస్ వాళ్లు చాలామందే ఉన్నారు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇంటర్నెట్ బాగుంటే కొన్నిచోట్ల ఇంట్లోంచీ చెయ్యనిస్తారు. రోగుల ముఖం చూడకూడదనుకుంటే అటు వెళ్లనివ్వండి, అందులో తప్పేం లేదు. కాకపోతే పంటి గురించి ఐదేళ్లు చదివింది అక్కడ పెద్దగా అక్కరకు రాదు.

మీ ఉత్తరం చదివితే అమ్మాయి మనసు మొదటి దారి మీదే ఉందనిపించింది. అందుకని దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

పళ్లలో నింపే సిమెంటు, కాంపోజిట్, ఇంప్లాంట్ లాంటివన్నీ మన చట్టంలో వైద్య పరికరాల కింద లెక్క. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. మందులకు ఫేజ్ ఒకటి, రెండు, మూడు అంటారు కదా, కొత్త పరికరాలకు అలా కాదు. మొదట కొద్దిమంది మీద పైలట్, తర్వాత ఎక్కువమంది మీద పైవోటల్. అంతకన్నా ముందు ఆ పదార్థం ల్యాబ్‌లో గట్టిదనం పరీక్షలూ, కణాలకు హాని చేస్తుందేమో చూసే పరీక్షలూ దాటి రావాలి.

ఉదాహరణకు పాత గ్లాస్ అయొనోమర్ సిమెంటు మంచిదా, కొత్తగా వచ్చిన ఇంకోటి మంచిదా తేల్చాలనుకోండి. పిల్లవాడికి కింది దవడలో రెండు పక్కలా పుచ్చుపళ్లుంటే ఒక పక్క ఇదీ, మరో పక్క అదీ నింపుతారు. దీన్ని స్ప్లిట్ మౌత్ పద్ధతి అంటారు. ఒకే నోరు, ఒకే తిండి, ఒకే బ్రష్షు కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. ఏ పక్క ఏది అన్నది డాక్టరు ఇష్టానికి వదలరు. సీలు వేసిన కవరు అప్పటికప్పుడు చింపి, అందులో ఏముంటే అది చేస్తారు. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు పిల్లవాణ్ని మళ్లీ పిలుస్తారు, దీన్నే రికాల్ అంటారు. అప్పుడు చూసే డాక్టరుకు ఏ పక్క ఏ సిమెంటో తెలియకూడదు. ఎక్స్‌ప్లోరర్ అనే సన్నటి పరికరం మొనను పంటికీ ఫిల్లింగుకీ మధ్య అంచు మీద నడిపిస్తారు. ఎక్కడా తగలకుండా జారిపోతే ఆల్ఫా గ్రేడు. మొన సందులో దిగి, లోపలి డెంటిన్ మాత్రం బయటపడకపోతే బ్రావో. డెంటిన్ కనబడితే చార్లీ. ఫిల్లింగ్ కదులుతున్నా, విరిగినా, ఊడిపోయినా డెల్టా. పదేళ్ల తర్వాత ఏదో ఒక క్లినిక్‌లో డాక్టరు "ఈ సిమెంటు బాగా నిలుస్తుందండీ" అని ధీమాగా చెప్పగలిగితే, ఆ మాట వెనక ఇలాంటి వందల నోళ్ల ఆల్ఫాలూ బ్రావోలూ ఉంటాయి.

ఇందులో కోఆర్డినేటర్ పని ఏమిటంటారా? డాక్టరు చెయ్యనిదల్లా. కవర్లు భద్రపరచడం, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి కాగితాలు పంపడం, రికాల్ తేదీకి రోగిని రప్పించడం, చూసింది చూసినట్టు రాయించడం. ఫారంలో అంకె తప్పు పడితే వైట్‌నర్ వాడకూడదు, పేజీ చింపకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. మార్కుల రిజిస్టర్లు దిద్దినవారు మీరు, ఈ క్రమశిక్షణ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. ట్రయల్‌లో ఉన్న మనిషి ప్రాణం మీదికి వచ్చిందంటే 24 గంటల్లో రిపోర్టు వెళ్లాలి. ఆదివారమనీ పండగనీ చూడరు.

ఇక ట్రయల్‌లో చేరే ముందు రోగి ఇచ్చే సమ్మతి పత్రం. అమ్మాయి నిలదొక్కుకునేది ఇక్కడే అని నా అభిప్రాయం. చిన్నపిల్లల పుచ్చుపళ్ల మీద సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణం పూస్తారు. డ్రిల్లింగ్ లేకుండానే పుచ్చు ఆగుతుంది, కానీ ఆ చోటు నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఇంగ్లీషు కాగితంలో ఈ సంగతి నాలుగో పేజీలో ఎక్కడో ఉంటుంది. తల్లికి ముందే "అమ్మా, పన్ను నిలుస్తుంది గానీ నల్లగా అవుతుంది, నవ్వితే కనబడుతుంది, ఇష్టమేనా?" అని ఆమె మాటలో చెప్పకపోతే, మర్నాడు బిడ్డనెత్తుకుని వచ్చి వార్డు అదిరేలా గొడవ పెట్టుకుంటుంది. న్యాయం ఆమె పక్షానే ఉంటుంది. చదువు రానివాళ్ల దగ్గర సంతకమో వేలిముద్రో తీసుకునేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలని రూలు. సాక్షి ఉన్నా, అర్థమయ్యేలా చెప్పే మనిషి ముందు ఉండాలి కదా.

మీ జిల్లాలో పుట్టిన పిల్లకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో సవర మాటలు నాలుగు వచ్చేస్తాయి. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్లకు ఇది ఎంత డబ్బు పెట్టినా రాదు. రికాల్ విషయంలోనూ అంతే. గంజాం వైపు మగవాళ్లు చాలామంది సూరత్ మిల్లుల్లో ఉంటారు. ఆరు నెలల రికాల్ క్యాలెండర్ చూసి పెట్టేస్తే ఒక్కడూ రాడు. బరంపురంలో ఠాకురాణీ యాత్రకు వస్తారా, పెళ్లిళ్ల సీజన్‌కు వస్తారా అన్నది తెలిసినవాళ్లు కట్టిన షెడ్యూలే నిలుస్తుంది. రోగులు మధ్యలో జారిపోతే ఎంత పెద్ద ప్రొఫెసర్ ట్రయలైనా చెత్తబుట్ట పాలే.

మన ప్రాంతం దంత పరిశోధనకు కొత్తేమీ కాదు. చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీరు చూసే ఉంటారు, ముసలమ్మల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. దానివల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, మన ఫాలీ మెహతా బృందం ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత మీ పక్కనున్న శ్రీకాకుళం జిల్లాతో పాటు ఎర్నాకులం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల పైచిలుకు పొగాకు వాడకందార్లను ఏటా చూస్తూ, మానమని చెబుతూ ఐదేళ్లు వెంబడించారు. అంగిలే అంతర్జాతీయ వైద్య పుస్తకాల్లోకి ఎక్కిన ప్రాంతం మనది. ఆ ఇల్లిల్లూ తిరిగే ఓపిక అమ్మాయికి ఉందో లేదో చూసుకోమనండి. చాలా వరకు ఈ ఉద్యోగం అదే.

ఎండీఎస్ సంగతి. కోఆర్డినేటర్‌గా చేరడానికి అక్కర్లేదు. కానీ ట్రయల్ తన పేరు మీద నడపాలన్నా, ఏ ప్రశ్న అడగాలో తానే నిర్ణయించాలన్నా మామూలుగా ఎండీఎస్ ఉన్నవాళ్లకే ఆ కుర్చీ దక్కుతుంది. ఒకటి రెండేళ్లు పనిచేసి, అప్పుడు నీట్ ఎండీఎస్ రాయడం మేలంటాను. పల్లెల్లో సర్వేల వైపు మనసుంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ, అంటే ఎంపీహెచ్. భువనేశ్వర్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) సంస్థలు ఉన్నాయి, త్రివేండ్రంలో శ్రీచిత్ర వైద్య సంస్థ ఉంది, బీడీఎస్ వాళ్లూ ఎంపీహెచ్‌కు వెళ్తుంటారు. దంత పదార్థాల తయారీ, పరీక్షల మీద ఆసక్తి ఉంటే శ్రీచిత్ర బయోమెడికల్ విభాగం ఏం చేస్తోందో ఒకసారి చదవమనండి.

జీతం గురించి దాచకుండా చెప్పాలి. కోఆర్డినేటర్ మొదటి జీతం చూస్తే మీకు కోపం వస్తుంది. ఆ పోస్టుకు బీఫార్మసీ, నర్సింగ్, బీఎస్సీ వాళ్లూ వస్తారు, కాబట్టి బీడీఎస్ అని పెంచి ఇవ్వరు. ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో కాస్త నయం, కానీ ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. అందుకే హౌస్ సర్జన్సీ అవగానే డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించి తీరాలి, గడువు దాటిపోకుండా రెన్యూ చేయించుకుంటూ ఉండాలి. వారానికి రెండు సాయంత్రాలు ఎవరి క్లినిక్‌లోనైనా పని చేస్తే చెయ్యీ తిరుగుతుంది, ఖర్చులకూ ఆసరా. మీరు దాచిన డబ్బు ఎండీఎస్‌కైనా, మనసు మారితే చెయిర్‌కైనా పనికొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? చదివిన కాలేజీలోనే. పీజీ విద్యార్థులందరూ థీసిస్ చెయ్యాల్సిందే, రికాల్‌కు రోగులు రాక తల పట్టుకుని ఉంటారు. "నేను సాయం చేస్తాను, ఎథిక్స్ కాగితాలు ఎలా రాస్తారో నేర్పండి" అంటే కాదనేవాళ్లుండరు. ఆ తర్వాత సీటీఆర్ఐ, అంటే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ. 2007లో మొదలైంది, ఎవరైనా డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు. పుచ్చుపళ్లనో నోటి క్యాన్సర్ అనో కొట్టి, ఒడిశా, ఆంధ్రా కేంద్రాలు చూస్తే ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఏ ట్రయల్ నడుపుతున్నారో తెలిసిపోతుంది. భువనేశ్వర్ ఎయిమ్స్, అక్కడి ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ (1962లో పెట్టిన ఆ కాలేజీ పేరులో ఉన్నది మీ ఊరి మహారాజే) ఏం చేస్తున్నాయో ముందు చూడమనండి. రెజ్యూమె ఊరందరికీ పంపే బదులు, ఫలానా ట్రయల్ చదివాను, ఈ భాషలు మాట్లాడగలను అని ఆ డాక్టరుకే ఒక పేజీ ఉత్తరం రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

సంబంధాలవాళ్లకు "మా అమ్మాయి పళ్ల డాక్టరు, ఆసుపత్రిలో పరిశోధన చేస్తోంది" అని చెప్పండి, అందులో అబద్ధం లేదు. క్లినిక్ ఎప్పుడు పెడుతుందని రెట్టించి అడిగేవాళ్ల సంబంధం గురించి మీరే ఇంకోసారి ఆలోచించుకోండి.

ఇక మీ తమ్ముడి కొడుకు. అమ్మాయికి దాటిపోయిన అవకాశం ఒకటి వాడి చేతిలో ఉంది. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం ఐసీఎంఆర్ 1979 నుంచీ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. సొంత కాలేజీలోనే గైడును చూసుకుని, రెండు నెలల్లో అయ్యేంత చిన్న ప్రాజెక్టు చేసి రిపోర్టు పంపాలి. అది ఆమోదం పొందితే స్టయిపెండ్, సర్టిఫికెట్ ఇస్తారు. హౌస్ సర్జన్లకు లేదు, అందుకే ఇప్పుడే పట్టుకోవాలి. పొగాకు కలిపిన గుడాఖు పేస్టుతో పళ్లు రుద్దుకునేవాళ్ల చిగుళ్ల మీద ఏదైనా చెయ్యమనండి. అలాంటివాళ్లు వాడికి కటక్‌లో వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు దొరుకుతారు, దరఖాస్తుల ప్రకటన వచ్చేలోపు గైడుతో మాట్లాడి పెట్టుకుంటే చాలు.