పంప్కిన్ ఫార్మ్‌కు పోండి, కాని తీగ ఉన్న చోటికి పోండి

సూపర్‌మార్కెట్లో దొరికే గుమ్మడికాయ కోసం చిన్నపిల్లల్ని వేసుకుని, నలుగురికి టికెట్లు కొని జనం పోయి గుమ్మడికాయ ఎంచి తెచ్చుకునే పంప్కిన్ ఫార్మ్ దాకా పోవడం దండగ కదా అని ఒకరు అడిగారు. కానే కాదు. మేం షికాగో దగ్గర ఉంటాం, ఏటా అక్టోబరులో పోతాం. ఎలాంటి ఫార్మ్‌కు పోతున్నారన్నదే అసలు సంగతి.

మొదటి ఏడాది పేరున్న పెద్ద ఫార్మ్‌కు పోయాం. పార్కింగుకు వేరే, ట్రాక్టర్ బండి ఎక్కితే వేరే, మేకలకు గింజలు వేస్తే వేరే డబ్బులు. కాయలేమో ఎక్కడో కోసి తెచ్చి గడ్డి మీద వరసగా పేర్చారు. తీగ లేదు, ఆకు లేదు. ఎటు చూసినా పిల్లల్ని కాయల మీద కూచోబెట్టి ఫోటోలు తీసేవాళ్లే. ఏడాది నిండిన మా బాబు ఎండకు ఏడుస్తుంటే నేనూ వాణ్ని "ఇటు చూడు నాన్నా" అని బతిమాలాను. ఆ ఫోటో చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది.

2024లో మా అమ్మ వరంగల్ నుంచి వచ్చింది. అక్టోబరు మొదటి శనివారం, బతుకమ్మ రోజులు. ఈసారి ఊరికి దూరంగా, ఒక ముసలాయన నడిపే చిన్న ఫార్మ్‌కు పోయాం. కాయలు ఇంకా తీగలకే ఉన్నాయి. అందరూ పెద్ద కాయ కోసం వెతుకుతుంటే అమ్మ మాత్రం వంగి ఆకుల కింద చూస్తోంది.

"గిన్ని కాయలున్నయి బిడ్డా, ఒక్క పువ్వన్న ఉండదా? గౌరమ్మకు పెడదును" అంది.

చేను చివర, తీగ ఇంకా పచ్చగా ఉన్న చోట నాలుగైదు పూలు దొరికాయి. అమ్మ మా నాలుగేళ్ల బిడ్డను పక్కన కూచోబెట్టుకుంది. సన్నటి కాడ మీద నిలబడ్డది మగ పువ్వని, కింద గోళీ అంత పిందె ఉన్నది ఆడ పువ్వని చూపించింది. పిల్ల ఆకును పట్టుకోబోయి, నూగు గుచ్చుకుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. పువ్వులో ఒళ్లంతా పుప్పొడి పూసుకున్న తేనెటీగ. అది ఎగిరిపోయేదాకా అవ్వా మనవరాలూ కదలకుండా కూచున్నారు. పువ్వు తెంపుకోవచ్చా అని ముసలాయన్ను అడిగితే ఎన్ని కావాలంటే అన్ని కోసుకొమ్మన్నాడు. ఇంత ఆలస్యంగా పూసినవి మంచు పడేలోపు కాయలు కావట.

ఇంటికొచ్చాక బంతిపూలు, చామంతులు పేర్చి అమ్మ పైన ఆ పువ్వు పెట్టింది. దాని నడుమ దుద్దే గౌరమ్మ అని చెబితే మా పిల్ల దాన్ని ముట్టుకోకుండా, వేలు దూరంగా పెట్టి చూపిస్తూ వాళ్ల నాన్నకు మళ్లీ చెప్పింది. అమెరికాలో పుట్టిన పిల్లలకు మన పండగ ఎలా నేర్పాలని మనవాళ్లు సమావేశాలు పెడుతుంటారు. నన్నడిగితే ఒక చేను చాలు.

ఇక కాయ సంగతి. తొడిమ పట్టుకుని లేపొద్దు. మా వాడు అలాగే లాగి విరగ్గొట్టాడు, వారం తిరక్కుండా అక్కణ్నుంచే కుళ్లింది. హాలోవీన్ పండక్కి ముఖం చెక్కే పెద్ద కాయ కూరకు పనికిరాదు, నీళ్లూ పీచూ తప్ప రుచి ఉండదు. చిన్నగా గుండ్రంగా ఉండే "పై పంప్కిన్" (pie అనే తీపి వంటకానికి వాడేది) అడగండి. మా ఇల్లినాయిలోనే మోర్టన్ అనే ఊళ్లో గుజ్జుగా డబ్బాల్లోకి పోయే డికిన్సన్ రకం గుమ్మడి పండిస్తారు, తోలు లేత గోధుమ రంగు. అది మన తీపి గుమ్మడి జాతే. ఎక్కడైనా కనబడితే వదలకండి, బెల్లం వేసి వండితే అచ్చం ఇంటి రుచి. ముఖం చెక్కేవాళ్లు ఇంత గుజ్జునీ చెత్తబుట్టలో పారేసి ఖాళీ డొప్పను గుమ్మం ముందు పెట్టడం చూస్తే నాకు ప్రాణం ఒప్పదు. గింజలైనా కడిగి, ఉప్పు వేసి వేయించి పిల్లలకు పెట్టండి.

వెళ్లేముందు ఫోన్ చేసి "కాయలు తీగకే ఉన్నాయా, కోసి పేర్చారా?" అని ఒక్కటి అడగండి. తీగకే ఉన్నాయంటే పొద్దున గేటు తెరిచేసరికే అక్కడుండండి. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోతుంది.