క్రెడిట్ కార్డు మీద అటోచా నాణేలా?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాం. నాది హెచ్1బి వీసా, నా భార్యది హెచ్4 (డిపెండెంట్ వీసా), తనకు ఉద్యోగం లేదు. నాలుగేళ్ల పాప ఉంది. నెల ఖర్చు 4,800 డాలర్లు. కీ వెస్ట్ వెళ్లినప్పుడు, 1622లో మునిగిపోయిన స్పెయిన్ ఓడ అటోచా నాణేలు చూసి ఇష్టపడ్డాను. ఇప్పటికి మూడు వెండి నాణేలు 13,800 డాలర్లకు కొన్నాను. అందులో 8,600 జీరో వడ్డీ కార్డు మీద ఉంది. ఆఫర్ ఇంకో 5 నెలల్లో అయిపోతుంది, తర్వాత 27 శాతం. మిగతా 5,200 పర్సనల్ లోన్. సేవింగ్స్‌లో 4,000, 401కే రిటైర్మెంట్ ఖాతాలో 38,000 ఉన్నాయి. 401కే నుంచి 15,000 లోన్ తీసుకుని కార్డు కట్టేసి, మిగిలిన డబ్బుతో వేలంలో ఇంకో నాణెం కొందామనుకుంటున్నాను. వెండి ధర పెరుగుతోంది కదా, మంచి పెట్టుబడేనా?

జవాబు: కాదు. ఆ నాలుగో నాణెం సంగతి మర్చిపోండి.

మీ ఉత్తరం ఎంచుకున్నది నాణేల కోసం కాదు. ఇదే ఉత్తరం వాచీల మీద వస్తుంది, క్రిప్టో మీద వస్తుంది. ఇష్టపడ్డ వస్తువును అప్పు చేసి కొని, దానికి పెట్టుబడి అని పేరు పెట్టుకోవడం, ఈలోగా సేవింగ్స్ ఖాతా ఒట్టిపోవడం. మీ 4,000 డాలర్లు పాతిక రోజులకు సరిపోతాయి. ఆ తర్వాత?

హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఉద్యోగం పోతే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ రెండు నెలల్లో అద్దె ఆగదు, కారు ఈఎంఐ ఆగదు, పాప డేకేర్ ఆగదు. వెళ్లాల్సి వస్తే లీజు మధ్యలో తెంచుకున్నందుకు పెనాల్టీ, మూడు టికెట్లు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఖర్చు. నిరుద్యోగ భృతి మీద ఆశ పెట్టుకోకండి. అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే 28,800 డాలర్లు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉండాలంటాను. సిటిజన్ అయిన మీ కొలీగ్ మూడు నెలలతో సర్దుకోవచ్చేమో, మీరు సర్దుకోలేరు.

ఇక 401కే లోన్. ఇక్కడ నాకు నిజంగా ఓపిక నశిస్తుంది. "నా డబ్బే కదా, వడ్డీ నాకే వస్తుంది" అని అందరూ అంటారు. ఉద్యోగం పోయాక బాకీ తీర్చడానికి ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువు దాకానే టైం ఉంటుంది. తీర్చలేకపోతే ఆ మొత్తాన్ని మీరు విత్‌డ్రా చేసినట్టే లెక్కేసి ఆదాయపు పన్ను వేస్తారు, మీ వయసుకు ఇంకో 10 శాతం పెనాల్టీ. అంటే జీతం ఆగిన సమయంలోనే ఈ అప్పు మీద పడుతుంది.

వెండి ధర పెరుగుతోందన్నారు. ఎనిమిది రియల్స్ (పాత స్పెయిన్ డబ్బు) నాణెం మునగకముందే 27 గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. ఉప్పునీరు తిన్నది పోను ఉన్న వెండి ఔన్సుకు కూడా రాదు. మీరు పెట్టిన వేల డాలర్లలో వెండి వాటా చాలా చిన్నది. మిగతాదంతా కథకు, గ్రేడుకు (నాణెం ఎంత బాగా మిగిలిందన్న లెక్క), సర్టిఫికెట్‌కు కట్టిన ధర. 1985లో నిధుల వేటగాడు మెల్ ఫిషర్ బృందం ఓడలోని అసలు నిధి గుట్టను కనిపెట్టాక ఆ ఓడ నుంచి లక్షకు పైగా వెండి నాణేలు బయటికొచ్చాయి, కాబట్టి అటోచా పేరొక్కటే అరుదైన సరుకు కాదు. ఒకటో గ్రేడుకు, తినేసిన నాలుగో గ్రేడుకు ధరలో చాలా తేడా. ఒరిజినల్ సర్టిఫికెట్ లేకపోతే కొనేవాడు బేరం ఇంకా తగ్గిస్తాడు. అదే ఓడ వెండి కడ్డీలు కరిగించి పోసిన నకళ్లూ అమ్ముతారు. మీ మూడింటిలో అలాంటిది లేదని ముందు చూసుకోండి.

కథకు గిరాకీ లేకపోతే ఏమవుతుందో మన రూపాయల విషయంలోనే తెలుస్తుంది. 1942లో జర్మన్ జలాంతర్గామి దక్షిణ అట్లాంటిక్‌లో ముంచిన సిటీ ఆఫ్ కైరో ఓడలో ఇండియా నుంచి ఇంగ్లండుకు వెళ్తున్న దాదాపు 100 టన్నుల వెండి రూపాయలున్నాయి. 5 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి పైకి తీసి, కరిగించి అమ్మేశారు.

అమ్మేటప్పుడు వేలం సంస్థ కమీషన్ పోతుంది. కొన్నప్పుడు పాట ధర మీద అదనంగా కట్టిన రుసుము (బయ్యర్స్ ప్రీమియం) తిరిగి రాదు. ఏడాది దాటాక లాభమొస్తే షేర్ల రేటు కాదు, కలెక్టిబుల్స్‌కు (నాణేల్లాంటి సేకరణ వస్తువులకు) 28 శాతం దాకా పన్ను. అద్దెకుండేవాళ్లు సామానుకు తీసుకునే బీమాలో (రెంటర్స్ పాలసీ) నాణేలు పోతే ఇచ్చే పరిమితి సాధారణంగా 200 డాలర్లే, మీది తీసి చూడండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి మీరు రాయలేదు, లేకపోతే ఈ నెలే తీసుకోండి.

నాణేల సరదా వద్దనను. 1784లో మునిగిన ఎల్ కసడోర్ నాణేలు కొన్ని వందల డాలర్లకే దొరుకుతాయి, నెల జీతంలోంచి కొనుక్కోవచ్చు. అది ఆరు నెలల ఖర్చు చేతిలో చేరాక.

ఇప్పుడైతే మూడింటిలో ఖరీదైనవి రెండు అమ్మకానికి పెట్టండి. వేలంలో డబ్బు చేతికి రావడానికే నెలలు పడుతుంది, మీకున్నది 5 నెలలు. నష్టానికైనా సరే, వచ్చిందంతా కార్డుకు కట్టండి. కట్టకుండా వదిలేస్తే 8,600 మీద నెలకు 190 డాలర్ల పైనే వడ్డీ. సేవింగ్స్‌లోని 4,000 మాత్రం కార్డుకు కూడా తీయకండి. కార్డు తీరాక ఆ కిస్తీ మొత్తాన్ని జీతం పడిన రోజే సేవింగ్స్‌కు వెళ్లేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టండి.