412 వరుసలు 3,532 ఎలా అయ్యాయి? పాండాస్ మెర్జ్ ప్రశ్నకి నా జవాబు

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీ ట్యూషన్ సెంటర్ అడ్మిషన్ల షీటులో 412 వరుసలు, ఫీజుల షీటులో 389. రెండింట్లోనూ ఫోన్ నంబరు కాలమ్ ఉంది. దాని మీద పాండాస్‌లో (పైథాన్ భాషలో టేబుళ్లతో పనిచేసే లైబ్రరీ) లెఫ్ట్ మెర్జ్ కొడితే, అంటే ఎడమ షీటు వరుసలన్నీ ఉంచి కుడి షీటులో నంబరు కలిసినవి పక్కన చేరిస్తే, 412 రావాల్సింది, 3,532 వచ్చాయి. ఎర్రర్ కూడా లేదు. చివర్లో మీరే ఓ మాట అన్నారు: "నంబరు లేని వరుసలు అటు 52, ఇటు 61 ఉన్నాయి, కానీ ఖాళీలు ఎలాగూ కలవవు కదా."

దొంగ అక్కడే ఉన్నాడండీ. 52ని 61తో గుణించండి. 3,172. అడ్మిషన్ల షీటులో నంబరు ఉన్నవి 360. రెండూ కూడితే 3,532. ఒక్క వరుస కూడా అటూ ఇటూ కాలేదు.

ఖాళీలు కలవవు అన్న నమ్మకం మీకు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ నల్ (ఖాళీ విలువ) దేనికీ సమానం కాదు, ఇంకో నల్‌కి కూడా కాదు. కాబట్టి జాయిన్‌లో (మెర్జ్‌కి అక్కడి పేరు) రెండు నల్‌లు జతకట్టవు. పాండాస్ తీరు వేరు. కీ కాలమ్‌లో (దేని మీద కలుపుతున్నామో ఆ కాలమ్) రెండు వైపులా ఖాళీలుంటే అవన్నీ ఒకే కీ అనుకుని కలిపేస్తుంది. అటున్న ప్రతి ఖాళీ, ఇటున్న ప్రతి ఖాళీతో జత. ఇది బగ్ కాదు, వాళ్ల డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. నేనూ దెబ్బ తిన్నాకే చదివాను. తమాషా ఏంటంటే, రెండు ఖాళీ విలువలు పక్కపక్కన పెట్టి సమానమేనా అని అడిగితే ఇదే పాండాస్ కాదంటుంది. మెర్జ్ దగ్గరికొచ్చేసరికి అవునంటుంది. ఆర్ భాష వాడేవాళ్లు కూడా నవ్వకండి, అందులోని డీప్లైర్ ప్యాకేజీలో లెఫ్ట్ జాయిన్ కూడా మామూలుగా ఇలాగే కలుపుతుంది. వద్దనుకుంటే 'ఎన్ఏ మ్యాచెస్' అన్నచోట 'నెవర్' అని ఇవ్వాలి.

మీరు చేయాల్సింది చిన్నదే. (ఫోన్లో టైపు చేస్తున్నాను, కోడ్ పేర్లు తెలుగులోనే రాసేస్తున్నా, సర్దుకోండి.) మెర్జ్‌కి ముందు ఫీజుల షీటులో నంబరు లేని 61 వరుసల్ని 'డ్రాప్ ఎన్ఏ'తో తీసి, వేరే పేరుతో పక్కన దాచండి. పారేయొద్దు, అవి డబ్బు కట్టినవాళ్ల వరుసలు. అడ్మిషన్ల వైపు ఖాళీలు అలాగే ఉండనివ్వండి, లెఫ్ట్ మెర్జ్ కాబట్టి ఆ 52 మంది ఫీజు గడి ఖాళీగా వచ్చి నిలబడతారు. మెర్జ్‌లోనే 'వ్యాలిడేట్' అని ఒకటుంది, దానికి 'మెనీ టు వన్' అని ఇవ్వండి. కుడివైపు షీటులో ఏ కీ అయినా రెండుసార్లు కనబడితే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మొదటిసారే ఇది పెట్టి ఉంటే మీ 61 ఖాళీల దగ్గరే ఆగిపోయేది. 'ఇండికేటర్' ట్రూ చేస్తే ఏ వరుస రెండు షీట్లలోనూ దొరికిందో, ఏది ఒక్క ఎడమవైపే ఉందో చెప్పే కాలమ్ ఒకటి అదనంగా వస్తుంది. నేను ఈ రెండూ లేకుండా మెర్జ్ రాయడం మానేసి చాలా ఏళ్లయింది.

ఎందుకు మానేశానో చెప్తాను. 2018లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. దుకాణాల కస్టమర్ల లిస్టు సుమారు రెండు లక్షల వరుసలు, కూపన్ల లిస్టు ఇంకొకటి. ఫోన్ నంబరు మీద మెర్జ్ కొట్టాను. లాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోగి, కాసేపటికి మొత్తం బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేశాను, మళ్లీ అంతే. ఎనిమిది జీబీ ర్యామ్ చాలట్లేదనుకుని పదహారు జీబీ మెషీన్ కావాలని మెయిల్ కూడా పెట్టాను. ఆ మెయిల్ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెద్ద డేటా కదా, కొంచెం తీసుకుని చూద్దాం అనుకున్నాను. రెండు లిస్టుల్లోనూ మొదటి వెయ్యి వరుసలు తీసి మెర్జ్ చేస్తే చక్కగా వచ్చింది. ఐదువేలు తీసినా బాగానే వచ్చింది. దాంతో కోడ్ కరెక్టే, మెషీనే చిన్నదని ఇంకా గట్టిగా నమ్మాను. రెండు రోజులు పోయాయి. అసలు సంగతి ఏంటంటే, పంపినవాళ్లెవరో ఆ షీట్లని ఎక్సెల్‌లో ఫోన్ నంబరు మీద సార్ట్ చేసి పంపారు. ఎక్సెల్ సార్ట్‌లో ఖాళీ గడులు ఎప్పుడూ అడుగుకే పోతాయి. నేను పైనుంచి ఎన్ని వేలు తీసినా ఒక్క ఖాళీ కూడా నా చేతికి రాలేదు. అడుగున అటు తొమ్మిది వేలు, ఇటు ఏడు వేలు. అంటే ఆరు కోట్ల ముప్పై లక్షల వరుసలు పుట్టించమని ఆ పాత లాప్‌టాప్‌ని అడిగానన్నమాట.

అందుకే 'హెడ్' కొట్టి పై ఐదు వరుసలు చూసి సరే అనుకోవడం నాకు నచ్చదు. పై ఐదూ ఎప్పుడూ బుద్ధిమంతులే. నేను ఐదారు వరుసల చిన్న టేబుల్ చేత్తో తయారు చేసుకుంటాను, అందులో కావాలని తేడాగాళ్లనే పెడతాను: ఒక ఖాళీ, ఒక డూప్లికేట్, వెనకాల స్పేస్ ఉన్న నంబరు ఒకటి, అవతలి షీటులో లేనిది ఒకటి. జవాబు ముందే కాగితం మీద రాసుకుని, అప్పుడు కోడ్ రన్ చేస్తాను. మీ విషయానికే చూడండి: అటు రమ్య, సాయి, ఇంకా నంబరు లేని ఇద్దరు, మొత్తం నాలుగు వరుసలు. ఇటు రమ్య, సాయి, నంబరు లేని ముగ్గురు. కాగితం మీద నాలుగు రావాలి. పాండాస్ ఎనిమిది ఇస్తుంది. నాలుగుకీ ఎనిమిదికీ తేడా కంటితో కనిపెట్టొచ్చు, 3,532ని కళ్లప్పగించి చూస్తే ఏం కనిపిస్తుంది?

ఇక మీరు అడగని విషయం, నా లెక్కన అడిగినదానికంటే ముఖ్యమైనది. మీ అడ్మిషన్లలో నంబరు ఉన్నవాళ్లు 360, ఫీజుల్లో నంబరు ఉన్నవి 328. అంటే కనీసం 32 మంది పిల్లలు ఇంకా ఫీజు షీటులో లేనివాళ్లయినా అయ్యుండాలి, ఒకే నంబరు పంచుకుంటున్న అన్నాచెల్లెళ్లయినా అయ్యుండాలి. మన దగ్గర ఇంటికి నాన్న నంబరు ఒకటే ఇస్తారు కదా. అన్న తొమ్మిదో క్లాసు, చెల్లెలు ఆరు. ఫీజు షీటులో నాన్న నంబరు మీద ఇద్దరికీ కలిపి ఒకే వరుస, 14,000 అనుకుందాం. మెర్జ్ అయ్యాక అన్న పక్కన 14,000, చెల్లెలి పక్కన మళ్లీ 14,000. వరుసల సంఖ్య పక్కాగా 412 ఉంటుంది, వ్యాలిడేట్ కూడా ఏమీ అనదు, ఫీజు కాలమ్ కూడితే మాత్రం ఆ ఇంటి నుంచి 28,000 వచ్చినట్టు చూపిస్తుంది. కాబట్టి వరుసలు లెక్కపెట్టడంతో ఆగకండి. మెర్జ్‌కి ముందు ఫీజు షీటు మొత్తం ఎంత, తర్వాత ఎంత అని కూడా చూడండి. తర్వాతి మొత్తం ముందుదాన్ని దాటిందంటే ఎక్కడో ఒకే డబ్బు రెండుసార్లు పడిందన్నట్టే.

నంబర్లు లేనివాళ్లని పేర్ల మీద కలిపేద్దామని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఒక షీటులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో పొడి అక్షరం. లక్ష్మి, లక్ష్మీ రెండూ ఒకటే మనకి, కంప్యూటర్‌కి కాదు. తెలుగులో టైపు చేసిన పేర్లయితే ఇంకో తలనొప్పి: 'శ్రీనివాస్' చివర కంటికి కనబడని జాయినర్ అక్షరం ఒకటి అతుక్కుని ఉండొచ్చు. స్క్రీన్ మీద రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి, పోలిస్తే వేరంటుంది. పొడవు అడిగి చూస్తే బయటపడుతుంది. అన్నట్టు, పైథాన్‌ని 'శ్రీ' పొడవెంత అంటే నాలుగు అంటుంది (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం), కంగారు పడకండి. మీవి ఆ 52, ఆ 61 మాత్రమే కాబట్టి ఓ సాయంత్రం కూర్చుని చేత్తో కలుపుకోవడమే మేలు. వచ్చే ఏడాది నుంచి పిల్లలకి అడ్మిషన్ నంబరు ఇచ్చి ఫీజు రసీదు మీద అదే రాయండి.

ఫోన్ కాలమ్‌ని చదివేటప్పుడే 'డీటైప్' (కాలమ్ రకం) స్ట్రింగ్, అంటే టెక్స్ట్, అని చెప్పేయండి. లేకపోతే ఖాళీలున్న నంబర్ల కాలమ్‌ని పాండాస్ దశాంశ సంఖ్యలుగా చదువుతుంది. దాన్ని మీరు తర్వాత టెక్స్ట్‌గా మారిస్తే ప్రతి ఫోన్ నంబరు వెనకా ఒక చుక్క, సున్నా తోకలా వస్తాయి. అవతలి షీటులో తోక లేదనుకోండి, ఒక్కటి కూడా కలవదు.

షీటులో తేదీలు కూడా ఉన్నాయన్నారు కాబట్టి ఇదొకటి. 2019 సెప్టెంబరులో, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జరిగిన కొనుగోళ్లకి నెలవారీ గ్రాఫ్ గీసి మీటింగ్‌లో పెట్టాను. మా మేనేజర్ ఓ నిమిషం చూసి, "డిసెంబరు అమ్మకాలు కూడా అయిపోయాయా?" అన్నారు. 12/05/2019, అంటే మన మే 12ని, పాండాస్ అమెరికా పద్ధతిలో డిసెంబరు 5గా చదివింది. 25/05 వచ్చేసరికి 25వ నెల లేదు కాబట్టి నిశ్శబ్దంగా తిప్పి మే 25 చేసుకుంది. ఒకే కాలమ్‌లో సగం అలా, సగం ఇలా. 2023లో వచ్చిన పాండాస్ 2.0 నుంచి మొదటి తేదీని చూసి ఫార్మాట్ ఊహించి, దానికి సరిపడని తేదీ వస్తే ఎర్రర్ ఇస్తోంది, అది నయం. కానీ మీ షీటులో అన్నీ 12వ తేదీలోపువే అయితే ఇప్పటికీ తలకిందులుగానే చదువుతుంది, కిక్కురుమనదు. ఫార్మాట్ మీరే రాసివ్వండి: రోజు, నెల, సంవత్సరం.

61 తీసేశాక 412 రాకపోతే, పైన చెప్పినట్టు ఐదారు వరుసలు చేత్తో చేసి కింద పెట్టండి, రాత్రికి చూస్తాను. మీ ప్రశ్నతో పాటు పెట్టిన షీటు స్క్రీన్‌షాట్ మాత్రం ఇప్పుడే తీసేయండి. పిల్లల పేర్లు, వాళ్ల నాన్నల నంబర్లు అందరికీ కనబడుతున్నాయి.