అల్పాకా ఉన్నికి అంత ఆదరణ ఎందుకు? హైదరాబాదు చలికి అది అవసరమా?

అల్పాకా ఒంటె కుటుంబానికి చెందిన సాధు జంతువు. పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ పర్వతాల్లో, సుమారు 3,500 మీటర్లకు పైబడిన ఎత్తున, పగటి తీక్షణమైన ఎండనూ రాత్రి గడ్డకట్టించే చలినీ తట్టుకునేందుకు దాని ఒంటిమీద దట్టమైన బొచ్చు పెరుగుతుంది. దానిని సాధారణంగా ఏడాదికొకసారి కత్తిరిస్తారు. గొర్రె ఉన్నిలోని లానోలిన్ అనే జిడ్డు ఇందులో చాలా తక్కువ; పోగు మీది సూక్ష్మమైన పొలుసులు కూడా అంతగా పైకి లేచి ఉండవు కనుక, నాణ్యమైన సన్నరకం మెడకు చుట్టుకున్నా గరుకుగా తగలదు. వాకాయా రకం బొచ్చు ఉబ్బెత్తుగా, సూరి రకం బొచ్చు పట్టుకుచ్చుల్లా జాలువారుతూ ఉంటాయి. తెలుపు, గోధుమ, బూడిద, నలుపు వంటి రంగులు సహజంగానే లభిస్తాయి కాబట్టి అద్దకం లేకుండానే నేయవచ్చు.

లోపమూ ఉంది: సాగిన పోగు గొర్రె ఉన్నిలా తిరిగి బిగుసుకోదు, అందుకే స్వెటరును హ్యాంగరుకు వేలాడదీయకుండా మడిచి పెట్టుకోవాలి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాములకూ, గచ్చిబౌలి ఆఫీసుల ఏసీకీ పలుచని శాలువా చాలు. మందపాటి స్వెటరు ఇక్కడ, నా దృష్టిలో, డబ్బు దండగే. కొనేముందు అంచునుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి: జంతువుల ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదగా నలుగుతుంది, అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.