ఇంటర్వ్యూ కంటే ముందు ఆ ఫారం సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేసి, బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో మెయిన్స్ పరీక్ష గట్టెక్కాడు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. నలుగురిలో మాట్లాడాలంటే వాడికి బెరుకు. మాక్ ఇంటర్వ్యూలకు కోచింగ్ సెంటర్‌లో చేర్చాలా, ఆన్‌లైన్ ప్యాకేజీ తీసుకోవాలా? ఇంకో సంగతి. కాలేజీ హాస్టల్లో గొడవ జరిగి వాడి మీద కేసు పెట్టారు. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. అది ఎక్కడా రాయొద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: మాక్ ఇంటర్వ్యూల గురించి ముందు అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ కేసే. దాని సంగతే ముందు చూద్దాం.

అడిగిన చోట రాయాల్సిందే. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టులో విచారణ జరిగిందా, జరిమానా గానీ శిక్ష గానీ పడిందా, కేసేమైనా పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతారు. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హతే అన్న హెచ్చరిక కేంద్ర ప్రభుత్వ ఫారంలో పైనే ఉంటుంది. చాలామంది పిల్లలు అది చదవకుండానే ‘రాజీ అయింది కదా’ అని అన్నిటికీ ‘లేదు’ అని రాసేస్తారు. రాజీ అయినంత మాత్రాన పోలీసు రికార్డులో ఎఫ్ఐఆర్ చెరిగిపోదు. వెరిఫికేషన్‌కు వెళ్లినప్పుడు అది బయటికొస్తుంది. అప్పుడు హాస్టల్ గొడవను పక్కన పెట్టి, అబద్ధం ఎందుకు రాశావని అడుగుతారు. ఆ ప్రశ్నకు మీవాడి దగ్గర జవాబు ఉండదు.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే వివరంగా చెప్పింది. కుర్రతనంలో చేసిన చిన్న తప్పు అయితే, దాన్ని దాచినా యజమాని క్షమించవచ్చు. అలాగే, నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, పూర్వాపరాలు చూసి నిర్ణయించే హక్కు యజమానికి ఉంటుంది. కాబట్టి ఖాయంగా వస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ విద్యార్థుల మధ్య జరిగిన చిన్న గొడవ, రాజీతో ముగిసినది, దాచకుండా రాసినది అయితే మీరు ఇంత భయపడాల్సిన అవసరం లేదు. కాస్త స్థిమితపడండి.

బంధువుల సలహా విషయంలో మాత్రం మీమీద నాకు కోపంగానే ఉంది. వాళ్లు చెప్పి వెళ్లిపోతారు. సంతకం పెట్టేది మీ అబ్బాయి. రేపు బ్యాంకులో జనం డబ్బుకు జవాబుదారీగా కూర్చోవాల్సిన పిల్లాడికి, ఉద్యోగం మొదటి కాగితంలోనే అబద్ధం రాయమని ఇంట్లో వాళ్లే నేర్పిస్తే ఎలాగండీ?

ఇక మాక్ ఇంటర్వ్యూలు. కోచింగా, ఆన్‌లైనా అని అడిగారు. తేడా పెద్దగా లేదు, ఏది దగ్గరైతే అది చాలు. ఇప్పుడు మెయిన్స్ రిజల్టు రాగానే ప్యాకేజీ కొనడం ఒక అలవాటైపోయింది. నాకు దానిమీద గట్టి అనుమానాలే ఉన్నాయి. ‘ఇంజినీరింగ్ చదివి బ్యాంకుకెందుకు?’ అన్న ప్రశ్నకు ఒక బ్యాచ్ మొత్తానికి ఒకే జవాబు బట్టీ పట్టిస్తారు. బోర్డులో కూర్చున్నవాళ్లు పొద్దుటి నుంచి ఆ జవాబే వింటూ ఉంటారు. మధ్యలో ఒక చిన్న అడ్డు ప్రశ్న వేస్తే చాలు, బట్టీ పట్టినవాడు తడబడతాడు. పైగా బెరుకున్న పిల్లలకు అక్కడ ‘కూర్చునే తీరు బాలేదు, నవ్వడం లేదు’ అని వంకలు చెప్పి, ఉన్న ధైర్యం కూడా పోగొడతారు. ప్రశ్నల తీరు తెలియడానికి ఒకటి రెండు మాక్‌లు చాలు. మిగతా టైమ్‌లో రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పు మీద ఆర్బీఐ తీసుకునే వడ్డీ), మొండి బకాయిలు, తన బయోడేటాలో రాసుకున్న ప్రతి ముక్కా సొంత మాటల్లో చెప్పడం సాధన చేయమనండి. తెలియనిది తెలియదని చెప్పడం కూడా.

లెక్క కూడా చూడండి. తుది జాబితాలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 పాళ్లు. ఇంటర్వ్యూలో 100కి కనీసం 40 రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకైతే 35. ఇందులో పెద్ద భాగం మీవాడు ఎప్పుడో రాసేశాడు.

నేను చూసినంతలో టెన్షన్ అంతా ఇంటర్వ్యూ చుట్టూ ఉంటుంది, చిక్కులు మాత్రం కాగితాల దగ్గర వస్తాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు. ఓబీసీ సర్టిఫికెట్ రాష్ట్ర నమూనాలో ఉంటుంది, వాళ్లు అడిగేది కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసినది. బ్యాంకులు అప్పుల చరిత్ర కూడా చూస్తాయి కాబట్టి విద్యారుణం వాయిదాలు గానీ, లోన్ యాప్ బాకీలు గానీ ఉంటే ఇప్పుడే సరిచేసుకోవాలి. ఆ యాప్‌ల సంగతి తండ్రికి చెప్పని పిల్లలు చాలామంది. అరవకుండా అడగండి.

ఒక మాట చెప్పనా? మీ ఉత్తరంలో అబ్బాయి మాట ఒక్కటీ లేదు. వాడికి బెరుకని మీరు చెప్పారు, కేసు సంగతీ మీరే చెప్పారు. ప్రతిచోటా వాడి బదులు మీరు మాట్లాడుతుంటే వాడికి మాట్లాడటం ఎలా అలవాటవుతుంది? లోక్ అదాలత్ అవార్డు, అంటే రాజీని నమోదు చేసిన తీర్పు, సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి కదా, ఆ పనికి వాడినే పంపండి. ఏ కాపీ కావాలో, ఎందుకు కావాలో అక్కడ గుమాస్తాకు వాడే చెప్పుకోనివ్వండి. మీరు వెంట వెళ్లొద్దు.