క్వేకర్ల పద్ధతిలో పిల్లల్ని ఇంట్లో చదివించవచ్చా? మావాడి 88 సంగతి చెప్తాను

ప్రశ్న ఇది: "అమెరికాలో ఉంటాం. ఎనిమిదేళ్ళ పాపని బడి మాన్పించి ఆన్‌లైన్ క్లాసులతో ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. క్వేకర్ల హోమ్‌స్కూలింగ్ బాగుంటుందని ఒకరు చెప్పారు. ఏ కోర్సు కొనాలి? మేం హిందువులం, ఇబ్బందేమైనా ఉంటుందా?"

క్వేకర్లంటే క్రైస్తవంలోంచి పుట్టిన ఒక శాఖ. చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. తెనాలి నుంచి మా అత్తయ్యగారు ఫోన్ చేసి మొదట అడిగిందీ అదే. "మతం మార్చేస్తారేమో చూసుకో అమ్మా" అన్నారు. ఆ వెంటనే, "ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకుని ఉంటాడే, ఆ ముసలాయన వాళ్ళేనా?" అన్నారు. ఆ ఓట్స్ కంపెనీకీ క్వేకర్లకీ ఏ సంబంధమూ లేదు. నిజాయితీపరులని వాళ్ళకి పేరుంది కదా అని 1877లో ఎవరో ఆ పేరుని ట్రేడ్‌మార్కు చేయించుకున్నారంతే. మతం మాటకొస్తే, మేం వెళ్ళిన చోట రెండేళ్ళలో మమ్మల్ని ఎవరూ ఏ దేవుడికి మొక్కుతారని కూడా అడగలేదు. అలాగని క్వేకర్లందరూ ఒకటే అనుకోకండి. ప్రపంచంలో క్వేకర్లు అందరికంటే ఎక్కువ ఉన్నది కెన్యాలో. అక్కడ పాస్టర్లుంటారు, పాటలుంటాయి, ప్రసంగాలుంటాయి. పాస్టరు లేకుండా, పాట లేకుండా గంటసేపు మౌనంగా కూర్చుని, ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెప్పేసి మళ్ళీ కూర్చునే రకం మా ఫిలడెల్ఫియా వైపు ఎక్కువ.

ఏ కోర్సు కొనాలంటారా, ఏదీ కొనకండి. క్వేకర్ సిలబస్ అని ఎవరైనా ప్యాకెట్ కట్టి అమ్ముతుంటే అది ఓట్స్ డబ్బా లాంటిదే అని నా అభిప్రాయం.

మేముండేది ఫిలడెల్ఫియాకి పడమట, పెన్సిల్వేనియా రాష్ట్రం చెస్టర్ కౌంటీలో. 1681లో ఇంగ్లండు రాజు తాను తీర్చాల్సిన అప్పు కింద విలియం పెన్ అనే క్వేకరుకి రాసిచ్చేసిన నేల ఇది. అందుకే ఇక్కడ ఎటు తిరిగినా ఒక రాతి మీటింగ్ హౌస్, అంటే వాళ్ళు ప్రార్థనకి కూడే చోటు, కనిపిస్తుంది. వాళ్ళు చర్చి అనరు. 2020లో బడులు జూమ్‌లోకి మారినప్పుడు మావాడు రెండో తరగతి. టీచరు ప్రశ్న వేస్తుంది, వీడు పెదవి కదిపేలోపు ఇంకో పిల్లవాడి బొమ్మ చుట్టూ పచ్చ గీత వెలుగుతుంది. సరే, అదనంగా ఒక లెక్కల ఆన్‌లైన్ క్లాసులో డబ్బు కట్టి చేర్పించాం. అందులో ప్రతి లెక్క పక్కనా ఒక గడియారం, ముందుగా చెప్పినవాళ్ళకి నక్షత్రాలు. నెల తిరిగేసరికి వాడు ఆలోచించడం మానేసి ఏదో ఒక అంకె కొట్టి మొహం చూడటం మొదలుపెట్టాడు. మా వాట్సాప్ గ్రూపులో చెప్తే ఒకావిడ, "మావాడికి తొంభై నక్షత్రాలు వచ్చాయండీ" అని పెట్టింది. నేను అడిగింది అది కాదు కదా తల్లీ!

2021 ఆగస్టులో బడి మాన్పించాం. మీది పెన్సిల్వేనియా అయితే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి, కాకపోతే వదిలేయండి. మొదటిసారి ఇంట్లో చదువు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఏటా ఆగస్టు 1 లోపు అఫిడవిట్ నోటరీ చేయించి స్కూల్ డిస్ట్రిక్టుకి ఇవ్వాలి. చిన్న తరగతులకి 180 రోజులు గానీ 900 గంటలు గానీ చదువు చూపించాలి. మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష ఉంటుంది. ఏడాది చివర పోర్ట్‌ఫోలియో అని పిల్లల పనంతా ఒక ఫైలు చేసి, అర్హత ఉన్న టీచరు చేత చూపించి, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ జూన్ 30 లోపు అందజేయాలి. అగ్నిప్రమాదాల గురించి పాఠం చెప్పడం కూడా చట్టంలో ఉంది! మావాడు దాని కింద కాకరపువ్వొత్తి కాలిస్తే పక్కన బకెట్టు నీళ్ళు ఎందుకుండాలో బొమ్మ గీశాడు. సైబర్ చార్టర్ బడి అని ఇంకొకటుంది. అది ఫీజు లేని ప్రభుత్వ బడే, కంప్యూటర్లో జరుగుతుంది. చాలామంది మనవాళ్ళు అందులో చేర్పించి హోమ్‌స్కూలింగ్ అంటారు. చట్టం లెక్కలో అది హోమ్‌స్కూలింగ్ కాదు. న్యూజెర్సీ వాళ్ళకి ఈ అఫిడవిట్ బాధ లేదు, అదృష్టవంతులు.

మా వీధి చివర ఒక క్వేకర్ కుటుంబం ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే చదివించేది. మంగళవారాలు ఆరేడు కుటుంబాల పిల్లలు మీటింగ్ హౌస్‌లో కలుస్తారు, మీరూ రండన్నారు. వెళ్ళాను. పాత కట్టడం, గోడలకి ఏ బొమ్మా లేదు, మధ్యలో పైకీ కిందికీ జరిగే చెక్క తెర. ఒకప్పుడు వ్యవహారాల సభ రోజున ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చోవడానికట. బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. కూర్చుంటే పలకల్లాంటి ఆ బల్లలు నడుముకి తగులుతాయి, ఎవరైనా కాస్త కదిలినా కిర్రుమంటాయి.

ఆ రోజు పిల్లలకి పాఠం చెప్పింది డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ టీచరు. 1688లో ఇక్కడే జర్మన్‌టౌన్‌లో నలుగురు క్వేకర్లు కలిసి బానిసత్వం తప్పని ఒక కాగితం రాశారని చెప్పింది. ఆ కాగితాన్ని స్థానిక మీటింగ్ (సంఘాన్ని కూడా వాళ్ళు అలాగే అంటారు) వాళ్ళు మా వల్ల కాదని పైకి పంపారు, ఆ పైవాళ్ళు ఇంకా పైకి పంపారు, ఆ పైవాళ్ళు పక్కన పెట్టేశారు. మన తాలూకాఫీసులో ఫైలు కథే! చివరికి బానిసలున్నవాళ్ళెవరూ సభ్యులుగా ఉండకూడదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చుకున్నది 1776లో. అంత చెప్పి, "దీని గురించి మీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకుంది. ఇలాంటి ప్రశ్నని వాళ్ళు క్వెరీ అంటారు. దానికి జవాబు ఆవిడ దగ్గర కూడా ఉండదు.

ఊరుకుంది అంటే నిజంగానే ఊరుకుంది. ఎవరూ చెయ్యెత్తలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్లల బల్ల వెనకాలే కూర్చున్నాను కదా, వంగి మావాడి చెవిలో "ఇట్స్ వెరీ శాడ్ అని చెప్పు నాన్నా" అని ఊదాను. ఆవిడ నన్ను చూసింది. కోప్పడలేదు, పెదవి మీద వేలు పెట్టుకోలేదు, నా వైపు చూసి నవ్వి కళ్ళు మూసుకుంది. అంతకంటే ఒక మొట్టికాయ వేసుంటే బాగుండేది. బయట ఎవరో ఆకులు ఊడుస్తున్న చప్పుడు వినపడుతోంది. మావాడు పెన్సిలు తీసి కాగితం మీద ఏదో గీస్తున్నాడు. బొమ్మలేస్తున్నాడేమో, పరువు పోతుందని నేను ఉడికిపోతున్నాను.

నాలుగైదు నిమిషాలై ఉంటుంది. వాడు తలెత్తి, "ఎయిటీ ఎయిట్ ఇయర్స్" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "తప్పని తెలిశాక కూడానా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆవిడ కళ్ళు తెరిచింది. "అవును. మేం ఓట్లు వేసుకోం. అందరికీ ఒక మాట కుదిరేదాకా ఆగుతాం. కుదరడానికి అంతకాలం పట్టింది" అంది. వాడు వదల్లేదు. "బానిసలుగా ఉన్నవాళ్ళని కూడా అడిగారా, ఆగుతారా అని?" అన్నాడు. దానికి ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. "లేదు, అడగలేదు" అంది. ఆంథొనీ బెనెజెట్ అనే మాస్టారు 1750లోనే నల్లజాతి పిల్లలకి సాయంత్రాలు తన ఇంట్లో చదువు చెప్పేవాడని నేను ముందురోజే చదివి పెట్టుకున్నాను, అప్పుడు చెప్పి ఆవిడ పక్షాన నిలబడొచ్చు కూడా. నోరు మూసుకున్నాను. ఆవిడకి ఆ సాయం అక్కర్లేదనిపించింది.

ఆన్‌లైన్ చదువు మీద నా కోపమంతా ఇక్కడినుంచి వచ్చిందే. ఆ నాలుగైదు నిమిషాలు ఏ యాప్‌లోనూ దొరకవు. మౌనమంటే తెర మీద తప్పుకిందే లెక్క. ఆ చలికాలంలో వాళ్ళ మౌన ప్రార్థన మీటింగు జూమ్‌లో పెట్టినప్పుడు ఇంకో తమాషా జరిగింది. నేను వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాతికమంది కదలకుండా, మాట లేకుండా ఉన్నారు. మా ఆయన కాఫీ కోసం వచ్చి చూసి, నెట్ ఆగిపోయిందనుకుని వెళ్ళి రౌటర్ ఆపి ఆన్ చేశారు! తిరిగి కలిసేసరికి ఎవరో ఏదో చెప్పేసి కూర్చున్నట్టున్నారు, అందరి మొహాల్లో తడి. ఏం చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఆన్‌లైన్ అసలు వద్దని కాదు లెండి. మావాడు భిన్నాలు నేర్చుకున్నది ఖాన్ అకాడమీ అనే వీడియో పాఠాల సైటులోనే. వీడియో ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, గడియారం తరమదు.

ఇంకో మాట. "ఇంట్లో ఎందుకు, క్వేకర్ల బడులే ఉన్నాయిగా" అని ఆ ప్రశ్న కింద కామెంట్లో ఒకరు రాశారు. ఉన్నాయి, దివ్యంగా ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1689 నాటిది, మా కౌంటీలో 1799 నాటిది ఉన్నాయి. ఒబామా కూతుళ్ళు చదివిన వాషింగ్టన్ బడిలో ఏడాది ఫీజు 50 వేల డాలర్లు దాటింది. నిరాడంబరత వాళ్ళ ముఖ్య సూత్రాల్లో ఒకటండీ.

మా ఇంట్లో క్వేకర్ల పేరు వినగానే గుర్తుపట్టింది మామయ్యగారొక్కరే. ఆయన రిటైర్డ్ సైన్సు మాస్టారు. "హోషంగాబాద్ వాళ్ళే కదా" అన్నారు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ దగ్గర రసూలియా అనే చోట క్వేకర్ల గ్రామీణ కేంద్రం ఉండేది. వాళ్ళూ కిశోర్ భారతి అనే సంస్థా కలిసి 1972లో 16 పల్లెటూరి బడుల్లో సైన్సుని బట్టీ మాన్పించి, పిల్లల చేత ప్రయోగాలు చేయించడం మొదలుపెట్టారు. మూడు దశాబ్దాలు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది. "పిల్లలు తప్పు చెప్పేదాకా మాస్టారు ఆగాలమ్మా, మేం ఆగలేదు, సిలబస్ అయిపోవాలిగా" అన్నారాయన. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పినాయన ఆ మాట అంటే నాకేం మాట్లాడాలో తోచలేదు.

మావాడిప్పుడు మామూలు గవర్నమెంటు మిడిల్ స్కూల్లోనే ఉన్నాడు, వాడే వెళ్తానన్నాడు. ఆ మంగళవారం కాగితం మాత్రం ఆ ఏటి పోర్ట్‌ఫోలియోలో పెట్టాను. 1776 కింద 1688, కింద గీత, దాని కింద 88, అంకెల చుట్టూ వాడు గట్టిగా గీసిన సున్నా. ఫైలు చూడటానికొచ్చిన టీచరు దాన్ని ఒక నిమిషం చూసి, పక్కన పెన్సిలుతో రాసింది: "తీసివేతలు బాగా వచ్చు."