సీటు ఒకటి, టికెట్లు రెండు

ప్రశ్న: పర్లాకిమిడి–విశాఖ బస్సుకు టికెట్లు కొట్టే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. ఇక్కడో కౌంటరు, పాతపట్నంలో ఇంకోటి, డేటాబేస్ ఒక్కటే. సంక్రాంతి రద్దీలో 14వ సీటు ఇద్దరికి వెళ్లిపోయింది. థ్రెడ్ లాక్ (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల్లో, అంటే థ్రెడ్లలో, ఒక్కదాన్నే లోపలికి పంపే తాళం) పెట్టినా ఆగలేదు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ప్రోగ్రాం ముందు సీటు ఖాళీనా అని చూస్తుంది, తర్వాత రాస్తుంది. తప్పు ఆ రెంటి మధ్య సందులో ఉంది. మీ కౌంటరు 14 ఖాళీ అని చదివి రాసేలోపే పాతపట్నం కౌంటరూ చదివింది. దానికీ ఖాళీగానే కనబడింది. ఇద్దరూ రాసేశారు. దీన్నే రేస్ కండిషన్ అంటారు. సందు మిల్లీసెకన్లలో ఉంటుంది గనక మామూలు రోజుల్లో దొరకదు. చూడటానికీ రాయడానికీ నడుమ రెండు సెకన్ల స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టి, రెండు కౌంటర్లలో ఒకేసారి 14 నొక్కండి, తప్పు వెంటనే బయటపడుతుంది. సరిచేశాక కూడా ఆ స్లీప్ ఉంచే పరీక్షించండి, అది లేని పరీక్షను నమ్మొద్దు.

థ్రెడ్ లాక్ ఒక ప్రాసెస్ (నడుస్తున్న ఒక ప్రోగ్రాం) లోపలి థ్రెడ్లనే ఆపుతుంది. మీవి రెండు కంప్యూటర్లు. ఉమ్మడిగా ఉన్నది డేటాబేసే కాబట్టి కాపలా అక్కడే పెట్టాలి. టికెట్ల టేబుల్లో బస్సు, తేదీ, సీటు మూడింటినీ కలిపి యునీక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి చేరకుండా ఆపే నియమం) వేయండి. పాత డబుల్ టికెట్లు టేబుల్లో ఉంటే అది పడదు, ముందు వాటిని తీసేయండి. ఇక మొదట చేరిన ఇన్సర్ట్ (టేబుల్లో కొత్త వరుస రాయడం) నిలుస్తుంది, రెండోది ఎర్రర్‌తో వెనక్కొస్తుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని ‘సీటు అయిపోయింది’ అని చూపండి. డబ్బు తీసుకోవడం ఆ తర్వాతే. రద్దయిన టికెట్‌ను అదే టేబుల్లో ‘రద్దు’ అని గుర్తుపెట్టి వదిలేస్తే ఆ సీటు మళ్లీ అమ్ముడుపోదు, వేరే టేబుల్‌కు మార్చండి.

కుటుంబానికి 14, 15 కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) ఇచ్చేటప్పుడు ఇంకో చిక్కుంది. ఒకరు 14 పట్టుకుని 15 కోసం, మరొకరు 15 పట్టుకుని 14 కోసం కూర్చుంటే ఇద్దరూ కదలరు, అదే డెడ్‌లాక్. సీట్లను ఎప్పుడూ చిన్న నంబరు నుంచి పెద్దదానికే రాయండి.

ప్రశ్న: పైథాన్‌లో గిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే లోపలి తాళం) ఉందిగా, మళ్లీ లాక్ దేనికి?
– ఒక విద్యార్థిని, సిరోంచ

జవాబు: గిల్ కాపాడేది మీ కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను, మీ లెక్కను కాదు. లెక్కపెట్టే ఒక వేరియబుల్‌కు ఒకటి కలపడంలో కూడా చదవడం, కలపడం, తిరిగి రాయడం ఉన్నాయి. ఇంకో థ్రెడ్ కాచుకుని ఉంటే సుమారు 5 మిల్లీసెకన్లకోసారి వంతు మారుతుంది. ఆ మార్పు వీటి నడుమ పడితే ఒక కూడిక పోతుంది. పైగా 2024లో వచ్చిన పైథాన్ 3.13 నుంచి గిల్ లేని బిల్డు కూడా ఉంది. లాక్‌ను పైథాన్‌లోని ‘విత్’ (with) పదంతోనే తీసుకోండి, మధ్యలో ఎక్సెప్షన్ (ఎర్రర్) వచ్చినా దానంతటదే విడుదలవుతుంది.